ఫుట్‌బాల్ ప్రసార హక్కులు: అపోహలు - వాస్తవాలు

టెలివిజన్ సంస్థలు వేలానికి వెళ్లే ముందు హక్కుల విలువ లెక్కగట్టి ఇవ్వడం నా వృత్తి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఒప్పందం వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ వినిపించే అపోహలు దాదాపు ఒకటే.

అపోహ: హక్కుల కోసం పెట్టే ఇంత సొమ్మూ ప్రకటనల ద్వారానే తిరిగి వస్తుంది.

ఫుట్‌బాల్‌లో ఒక్కో అర్ధభాగం 45 నిమిషాలు ఏకధాటిగా సాగుతుంది కాబట్టి, ఆటకు ముందు, వెనక, విరామంలో తప్ప ప్రకటనలకు పెద్దగా చోటు దొరకదు. హక్కుల కోసం భారీగా పోటీపడే పే ఛానెళ్లకు ప్రధాన ఆదాయం నెలవారీ చందా. అందుకే మా లెక్కల పట్టికలో మొదటి గడి, ఈ హక్కులు చేజారితే ఎంతమంది చందా మానేస్తారన్నది. ఉదాహరణకు, నెలకు 20 పౌండ్లు కట్టేవారు 10 లక్షల మంది వెళ్లిపోతారనుకుంటే ఏడాదికి 24 కోట్ల పౌండ్ల ఆదాయం పోయినట్టే. ఆ నష్టం తప్పించుకోవడానికి సంస్థ ఎంతవరకు చెల్లించగలదన్నదే బిడ్‌కు పునాది అవుతుంది. ఆటను ఉచితంగా దొరికితేనే చూసే అభిమాని ఎంత వీరాభిమాని అయినా ఈ గడిలోకి రాడు.

అపోహ: ప్రతి కొత్త ఒప్పందమూ రికార్డే, ధర ఏటా పెరుగుతూనే ఉంటుంది.

పత్రికల్లో కనిపించే మొత్తాన్ని సంవత్సరాలతోనూ, మ్యాచ్‌లతోనూ భాగించి చూడాలి. 2016-19 కాలానికి బ్రిటన్‌లో ప్రత్యక్ష ప్రసార హక్కులు మూడు సీజన్లకు 513.6 కోట్ల పౌండ్లకు అమ్ముడయ్యాయి. అప్పట్లో సీజన్‌కు 168 మ్యాచ్‌లు చూపేవారు. 2025లో మొదలైన ఒప్పందం విలువ, హైలైట్లతో కలిపి, 670 కోట్ల పౌండ్లు. అయితే అది నాలుగు సీజన్లకు, సీజన్‌కు కనీసం 267 మ్యాచ్‌లకు. అంటే ఏడాదికి 171 కోట్లుగా ఉన్నది 167.5 కోట్లకు, మ్యాచ్‌కు సుమారు 102 లక్షల పౌండ్లుగా ఉన్నది దాదాపు 63 లక్షలకు తగ్గింది. ద్రవ్యోల్బణాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు. లీగ్ ఆదాయాన్ని నిలబెట్టింది విదేశీ మార్కెట్లు. 2022-25లో వాటి విలువ తొలిసారి స్వదేశీ హక్కులను దాటింది.

అపోహ: పేరున్న క్లబ్బులే సొమ్మంతా పట్టుకుపోతాయి.

ఇది లీగ్‌ను బట్టి మారుతుంది. ప్రీమియర్ లీగ్‌లో స్వదేశీ హక్కుల ద్వారా క్లబ్బులకు పంచే సొమ్ములో సగం 20 క్లబ్బులకూ సమానంగా, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగిలిన పావు ప్రత్యక్ష ప్రసారాల సంఖ్యను బట్టి వెళుతుంది. స్పెయిన్‌లో మాత్రం 2015 నాటి చట్టం ఉమ్మడి అమ్మకాన్ని తప్పనిసరి చేసేదాకా ఎవరి హక్కులు వారే అమ్ముకునేవారు. అక్కడ రియల్ మాడ్రిడ్, బార్సిలోనాల వాటా మిగతావారికి అందనంత ఎత్తులో ఉండేది కాబట్టి, ఆ కాలపు స్పెయిన్ విషయంలో ఈ అపోహ నిజమే అనాలి.

అపోహ: సంతకం అయిందంటే సొమ్ము వచ్చినట్టే.

హక్కుల సొమ్ము వాయిదాల్లో వస్తుంది. క్లబ్బులేమో దాన్ని నమ్ముకుని ఆటగాళ్లకు ఏళ్లతరబడి జీతాలు రాసిచ్చేస్తాయి. ఫ్రాన్స్ లీగ్ 2018 మే నెలలో, దశాబ్దాలుగా భాగస్వామిగా ఉన్న ఫ్రెంచ్ పే ఛానెల్ కెనాల్ ప్లస్‌ను కాదని, ఏటా సుమారు 80 కోట్ల యూరోలు ఇస్తానన్న స్పెయిన్ మీడియా సంస్థ మీడియాప్రోకు అత్యధిక మ్యాచ్‌లను కట్టబెట్టింది. ఆ ఒప్పందం అమల్లోకి వచ్చిన 2020లోనే, అక్టోబరు వాయిదా ఆగిపోయింది. డిసెంబరులో ఒప్పందం రద్దయింది. 2021లో అమెజాన్ మెజారిటీ మ్యాచ్‌లను ఏటా దాదాపు 25 కోట్ల యూరోలకే తీసుకుంది. కరోనా దెబ్బ కొంత నిజమే కానీ, నా దృష్టిలో తప్పు వేలం రోజునే జరిగింది: కొనేవారు సొమ్ము కట్టగలరా లేదా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. ఇటలీ లీగ్ అదే మీడియాప్రోతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని, అడిగిన బ్యాంకు గ్యారంటీ ఇవ్వలేదన్న కారణంతో, అదే 2018 మే నెలలో రద్దు చేసుకుంది.