ఎంజైమును పట్టి చూపే యాంటీబాడీ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

ఒంగోలు నుండి మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. కణంలో రసాయన మార్పులను వేగంగా జరిపించే, కంటికి కనిపించని ఎంజైము అనే ప్రోటీను అక్కడ ఉన్నదని ఎలా తెలుస్తుందని మీరు అడిగారు. ప్రయోగశాలలో నేను చేసిన ఉద్యోగమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగినదే కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలైన మైటోకాండ్రియా లోపలి పొరలో ఐదు ఎంజైము సముదాయాలు ఉంటాయి. ఆహారం నుండి వచ్చిన ఎలక్ట్రాన్లను మొదటి రెండూ అందుకొని మూడవదానికి చేరుస్తాయి. మూడవది నాలుగవదానికి పంపుతుంది. నాలుగవది వాటిని మనం పీల్చిన ఆక్సిజనుకు అందించి నీరుగా మారుస్తుంది. ఈ క్రమంలో పొరకు అవతల పోగుపడిన ప్రోటాన్లు తిరిగి లోపలికి వస్తున్నప్పుడు ఐదవది కణం శక్తి కోసం వాడుకునే ఏటీపీ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని గుర్తించారు.

ఇక యాంటీబాడీ సంగతి. శరీరంలోకి వచ్చిన పరాయి పదార్థాన్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీనే యాంటీబాడీ. నాలుగవ సముదాయంలోని ఒక భాగాన్ని కుందేలుకో చిట్టెలుకకో సూదితో ఎక్కిస్తే, దాని శరీరం ఆ భాగానికి అంటుకునే యాంటీబాడీలను తయారు చేస్తుంది. అలాంటి యాంటీబాడీనిచ్చే కణాన్ని క్యాన్సరు కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా ఇచ్చే కణాలను పెంచవచ్చని 1975లో శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టైన్ చూపించారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

పరీక్ష ఇలా జరుగుతుంది. కండరపు ముక్కను నూరి, అందులోని ప్రోటీన్లను జెల్ అనే మెత్తని పలకలో కరెంటు సాయంతో పరిమాణాన్ని బట్టి విడదీసి, పలుచని పొర మీదికి మారుస్తాము. యాంటీబాడీ ఆ పొరకు ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా ముందుగా దానిని పాలపొడి కలిపిన ద్రావణంలో నానబెడతాము. మనం టీలో వేసుకునే వెన్న తీసిన పాలపొడి వంటిదే అది. ఆ తరువాత యాంటీబాడీ వేసి, కడిగి, దానిని పట్టుకొని వెలుగునిచ్చే రెండవ యాంటీబాడీ వేస్తే, ఎంజైము ఉన్నచోట ఒక గీత కనిపిస్తుంది. దానినే బ్యాండు అంటాము.

ఇక్కడే జాగ్రత్త కావాలి. జెల్‌లో పోసే ముందు నమూనాను మరిగేంత వేడి చేయడం చాలా ప్రోటీన్లకు అలవాటుగా చేసే పని. కానీ నాలుగవ సముదాయంలోని మొదటి భాగం పొరలో కూరుకుని ఉండే ప్రోటీను కావడంతో, అంత వేడికి ఉండలు కట్టి జెల్‌లోకి సరిగా దిగదు. అప్పుడు బ్యాండు వెలిసిపోతుంది. చూసినవారు ఎంజైమే లేదనుకుంటారు. అందువలన దానిని గోరువెచ్చగా మాత్రమే ఉంచాలి.

బ్యాండు కనిపించినా వెంటనే నమ్మరాదు. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది. అందులో 13 ప్రోటీన్లకు మాత్రమే సమాచారం ఉంటుంది, ఎంజైముల్లోని తక్కిన భాగాలన్నీ కణకేంద్రకం ఆదేశంతో తయారై లోపలికి వస్తాయి. నాలుగవ సముదాయంలో మూడు భాగాలు ఆ సొంత డీఎన్ఏవి. రెండవ సముదాయంలో ఒక్కటి కూడా లేదు. మైటోకాండ్రియా డీఎన్ఏను పూర్తిగా తొలగించిన కణాలను ప్రయోగశాలలో పెంచవచ్చు. అలాంటి కణాల్లో నాలుగవదాని మొదటి భాగానికి చేసిన యాంటీబాడీ ఏ బ్యాండూ చూపకూడదు, రెండవదానికి చేసినది చూపాలి. అక్కడ కూడా మొదటిది బ్యాండు చూపిందంటే అది మరేదో ప్రోటీనును పట్టుకుంటున్నదని అర్థం. సీసా మీద ఏమి వ్రాసి ఉన్నా, ఈ పరీక్షలో నెగ్గని యాంటీబాడీని నేను వాడనిచ్చేవాడిని కాను.

యాంటీబాడీ మీ బడిలోని హాజరు పట్టీ వంటిది. పిల్లవాడు వచ్చాడని చెబుతుంది గాని, పాఠం వింటున్నాడో లేదో చెప్పదు. మన జిల్లా రైతులకు బాగా తెలిసిన ఒక కష్టంలో ఇది కనిపిస్తుంది. వానలు లేక గిడసబారిన లేత జొన్నను, కోత తరువాత మళ్లీ వచ్చిన పిలకలను మేసిన పశువు నాము అనే జొన్న విషం తగిలి కొద్దిసేపట్లోనే పడిపోతుంది. ఆ మొక్క నుండి వెలువడిన సైనైడు నాలుగవ సముదాయంలో ఆక్సిజను కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. రక్తంలో ఆక్సిజను నిండుగా ఉన్నా కణాలు వాడుకోలేవు. అందుకే ఆ పశువు రక్తం మామూలు కంటే ఎర్రగా మెరుస్తుంది. అప్పుడు కండరాన్ని తీసి యాంటీబాడీతో చూస్తే బ్యాండు యథాప్రకారం కనిపిస్తుంది, ఎందుకంటే ప్రోటీను ఎక్కడికీ పోలేదు, ఆగినది పని మాత్రమే.

ఆ పనిని కొలవడానికి మరొక పరీక్ష ఉంది. మూడవ సముదాయం నుండి నాలుగవదానికి ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీను పేరు సైటోక్రోమ్ సి. ఎలక్ట్రాన్లు నింపుకున్నప్పుడు అది 550 నానోమీటర్ల కాంతిని బాగా పీల్చుకుంటుంది. నాలుగవ సముదాయం ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటున్న కొద్దీ ఆ పీల్చుకోవడం తగ్గిపోతుంది. ఎంత వేగంగా తగ్గితే ఎంజైము అంత చురుకుగా ఉన్నట్లు. సైనైడు చుక్క వేయగానే ఆ తగ్గుదల ఆగిపోతుంది. పశువైద్యులు సోడియం నైట్రైటు, థయోసల్ఫేటు అనే మందులను సకాలంలో ఎక్కించగలిగితే సైనైడు ఎంజైమును వదిలి రక్తంలోకి లాగబడి, హాని తక్కువైన థయోసైనేటుగా మారి మూత్రంలో పోతుంది. పశువు లేచి నిలబడుతుంది. అప్పుడు పనిచేసేది కొత్తగా తయారైన ఎంజైము కాదు, యాంటీబాడీ అంతకు ముందు కూడా చూపగలిగిన ఆ పాత ఎంజైమే.

ఇట్లు,
మీ తాతయ్య