ఎనిమిదేళ్ల పిల్లాడికి మూడో క్లాసు పుస్తకమే కొనాలా? ఇంట్లో లెక్కలు నేర్పేవాళ్ల అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకావిడ, ఇంట్లోనే చదివిస్తున్న పిల్లాణ్ణి తీసుకుని పలమనేరు నుంచి తిరుపతిలో నా దగ్గరికి బస్సులో వచ్చింది. చేతిలో పెద్ద అట్టపెట్టె. అమెరికా నుంచి తెప్పించిన మూడో క్లాసు మ్యాథ్స్ కిట్ అది. "ఇది రెండోది మేడం. మొదటిది నాలుగు నెలలు చేయించినాం, పనికి రాలేదు. ఇంకేదన్నా మంచి కరికులమ్ ఉంటే చెప్పండి" అంది.

నేను పెట్టె తెరవలేదు. డబ్బాలోంచి గుప్పెడు చింతగింజలు తీసి చాప మీద పోశాను. "పదమూడు పక్కన పెట్టు నాన్నా" అంటే ఒక్కొక్కటే లెక్కపెట్టి సరిగ్గానే పెట్టాడు. ఇంకో రెండు వేసి "ఇప్పుడెన్ని?" అన్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. తర్వాత పెట్టె తెరిచి చూస్తే, ఆ కిట్టులో మొదటి పాఠం సంఖ్యల్ని దగ్గరి వందకు సవరించడం, అంటే 278ని సుమారు 300 అనడం!

అపోహ: ఏ వయసుకు ఆ క్లాసు పుస్తకం. కింది క్లాసుకు వెళ్తే పిల్లాడు ఇంకా వెనకబడిపోతాడు.

ఇంట్లో చదివించేవాళ్ల డబ్బూ, పిల్లల ధైర్యమూ ఎక్కువగా హరించేది ఇదే. సోషల్లో అశోకుడి పాఠం రాకపోయినా కృష్ణదేవరాయల పాఠం చదువుకోవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. 52లోంచి 27 తీసేయమంటే 35 అని వేసే పిల్లలు నాకు వారానికొకరైనా తగులుతారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తారు, అది పైనుందా కిందుందా చూడరు. తల్లిదండ్రులేమో "అప్పు తెచ్చుకోవడం మర్చిపోతున్నాడు" అని అవే లెక్కలు ఇంకో నాలుగు పేజీలు ఇస్తారు. ఆ పిల్లాడు మర్చిపోలేదండీ. 52లో 5 అంటే ఐదు పదులని వాడికి ఎప్పుడూ తట్టలేదు. నాలుగు పేజీలూ చేస్తే అదే తప్పు ఇంకా గట్టిపడుతుంది. వాడికి కావలసింది ఐస్‌క్రీమ్ పుల్లల్ని పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేయడం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వమంటే రెండే ఉన్నాయి కాబట్టి ఒక కట్ట విప్పాలి. రబ్బరు బ్యాండు తీసే ఆ చెయ్యే అప్పంటే ఏమిటో నేర్పుతుంది. ఆ పాఠం ఒకటి, రెండు క్లాసుల పుస్తకాల్లో ఉంటుంది.

కాబట్టి కొనేముందు ఇంట్లోనే ఒక ఇరవై నిమిషాలు పరీక్షించండి. పెన్సిలు వద్దు. 27 నుంచి ముందుకు, 34 నుంచి వెనక్కి లెక్కపెట్టించండి. 8, 5 కలపమని చెప్పి వేళ్లు గమనించండి. ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడా, ఎనిమిది మనసులో పెట్టుకుని తొమ్మిది, పది అని వెళ్తున్నాడా? 42 రాసి, నాలుగు మీద వేలుపెట్టి "ఇన్ని గింజలు తెచ్చివ్వు" అనండి. నాలుగు తెచ్చాడంటే మీకు జవాబు దొరికినట్టే. ఎక్కడ తడబడ్డాడో దానికి ఒక మెట్టు కింద మొదలుపెట్టండి. కొలత కావాలంటే చిన్న క్లాసుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని 2021లో కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాలు చూడండి. ఒకటో క్లాసు అయ్యేసరికి 99 దాకా, రెండు అయ్యేసరికి 999 దాకా, మూడు అయ్యేసరికి 9,999 దాకా సంఖ్యలు చదివి రాయగలగాలి. పిల్లాడు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో చెప్పే ప్లేస్‌మెంట్ టెస్టు చాలా కరికులమ్‌లకు ఉచితంగానే ఉంటుంది. అది చేయించకుండా అట్ట మీద క్లాసు నంబరు చూసి కొనేస్తున్నారు.

పైగా, కింద మొదలుపెట్టిన పిల్లాడు అక్కడే ఏడాది కూర్చోడు. ఎనిమిదేళ్లవాడు ఆరేళ్లవాడి పాఠాన్ని చాలా తొందరగా దాటేస్తాడు. పోయినేడు ఒక పాప ఒకటో క్లాసు పుస్తకాన్ని ఏడు వారాల్లో ముగించింది. ఆ పుస్తకానికి బ్రౌన్ పేపరు అట్ట నేనే వేసిచ్చాను, క్లాసు నంబరు కనపడకుండా. పాప కోసమా అంటే సగమే. మిగతా సగం వాళ్ల తాత కోసం.

పుస్తకం ఎంచుకునేటప్పుడు ఇంకొక్కటి చూసుకోండి. కొన్ని ఒకే అంశాన్ని తేలేదాకా నడిపిస్తాయి. కొన్ని నాలుగు రోజులు కూడిక, రెండు రోజులు గడియారం, మళ్లీ కూడిక అని తిప్పుతుంటాయి. తడబడే పిల్లలకు నేను మొదటి రకమే ఇస్తాను. ఏదైనా కనీసం మూడు నెలలు ఉంచండి. ఆరు వారాలకొకసారి పుస్తకం మారిస్తే ప్రతిసారీ పిల్లాడి చెవికి వినపడేది "నీకిది కూడా రాలేదు" అనే.

అపోహ: ఖరీదైనదైతే, విదేశీదైతే మంచిది.

అమెరికా కిట్లలో డబ్బుల పాఠం మన పిల్లలకు పెద్ద చిక్కు. ఐదు సెంట్ల నికెల్ కంటే పది సెంట్ల డైమ్ సైజులో చిన్నది. మనవాడు రూపాయి, పది రూపాయల బిళ్లలతో పదుల లెక్క నేర్చుకోకుండా దాంతో ఎందుకు కుస్తీ పట్టాలి? ఇక అంగుళాలు, పౌండ్లు సరేసరి. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త లెక్కల పుస్తకాలు 2023లో ఒకటి, రెండు క్లాసులకు, 2024లో మూడో క్లాసుకు వచ్చాయి. వాళ్ల సైట్లో ఉచితంగా దించుకోవచ్చు. ముందు అవి చూసి, చాలకపోతే కొనండి.

అపోహ: పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇంట్లో లెక్క కూడా ఇంగ్లీషులోనే చెప్పాలి.

మా చెల్లెలి కొడుకుతో అలిపిరి మెట్లు ఎక్కుతున్నాం. మొత్తం 3,550 మెట్లూ లెక్కపెడతానని శపథం చేశాడు. "థర్టీన్, ఫోర్టీన్, ఫిఫ్టీ, సిక్స్టీ" అనుకుంటూ వెళ్తున్నాడు. నవ్వొచ్చింది కానీ, ఆ మెట్టు మీదే నిలబడి ఆలోచించాను. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ మధ్య ఉన్నది ఒక్క న్. పిల్లల చెవికి అది ఆనదు. పదిహేను, యాభై కలిసిపోవడానికి వీలేలేదు. పైగా పదిహేను అన్న మాటలో పది వినపడుతూనే ఉంది. పదిహేడు, పద్దెనిమిది కూడా అంతే. "తెలుగులో చెప్పు రా" అన్నాను. మోకాళ్ల మెట్టు దాకా వాడు లెక్క తప్పలేదు, నాకే ఆయాసం వచ్చింది. నగరి వైపు నుంచి వచ్చే కొందరు పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు, వాళ్లకు తమిళంలోనే చెప్పమంటాను. మన రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాల్లో 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటున్నాయి. అమ్మకు అవి బాగా పనికొస్తాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అబాకస్, వేదగణితం లెక్క వచ్చినవాడికి వేగం ఇస్తాయేమో గాని, రానివాడికి లెక్క రప్పించవు. ఎక్కాలు బట్టీ వస్తే గుణకారం వచ్చినట్టు కాదు. "ఇంట్లో చదివిస్తే కేసు పెడతారంట కదా" అని ఎవరో ఎక్కడో విన్నది పట్టుకుని నిద్ర మానేసేవాళ్లూ ఉన్నారు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది కానీ, వాళ్లకు శిక్ష వేసే సెక్షను అందులో లేదు. 14 ఏళ్లు నిండాక జాతీయ ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో క్లాసు పరీక్ష రాసుకోవచ్చు.

"వీడికి డిస్కాల్క్యులియానా మేడం?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ల మీద మాత్రం నాకు విసుగు రాదు. రాత్రంతా ఫోన్లో చదివి వచ్చుంటారు. డిస్కాల్క్యులియా అంటే అంకెలు, లెక్కలు పట్టుబడకపోవడమనే నేర్చుకునే ఇబ్బంది. అది నిజంగా ఉన్నదే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఉంది. కానీ మెట్టు తప్పి నేర్పినందువల్ల తడబడే పిల్లలు కూడా అచ్చం అలాగే కనపడతారు. సరైన మెట్టు నుంచి ఆరు నెలలు ఓపిగ్గా చెప్పినా ఐదారు గింజల దగ్గరే ఆగిపోతుంటే అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించండి. ఆలోగా చింతగింజలతో ఆడిస్తే పోయేదేమీ లేదు.

పలమనేరు ఆవిడ వెళ్లేటప్పుడు, "మరి ఈ పెట్టె ఏం జేసేది మేడం? పదకొండు వేలు పెట్టినాం" అంది. లోపల వెతికితే అడుగున పదుల కడ్డీలు, విడి బిళ్లలు ఉన్న ప్లాస్టిక్ బ్లాకుల కవరు దొరికింది, సీలు కూడా విప్పలేదు. "ఇవి ఈ రోజు సాయంత్రమే తీయమ్మా, మిగతాది అటక మీద పెట్టు" అన్నాను. పిల్లాడు ఆ కవరు బస్టాండు దాకా చేతిలోనే పట్టుకుని వెళ్లాడంట.