నీలం బిళ్లకీ నాలుక కింది బిళ్లకీ పడదు

సాయంత్రం పూట విజయవాడ సూర్యారావుపేటలో ఏదో ఒక మందుల షాపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. షుగర్ బిళ్లలు, గ్యాస్ బిళ్లలు అందరూ గట్టిగానే అడుగుతారు. అంగస్తంభన మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పడిపోతుంది. మందు పేరే చెప్పలేనివాడు, తనకు గుండె జబ్బుందని షాపతనికి చెబుతాడా? చిక్కంతా అక్కడే.

నిజానికి వయాగ్రా అనే ఆ నీలం బిళ్లలోని మందు సిల్డెనాఫిల్‌ని ఫైజర్ కంపెనీ మొదట పరీక్షించింది గుండెనొప్పికే. దానికి అంతగా పనికిరాలేదు గానీ, ఈ రెండో గుణం బయటపడింది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టినవారికి నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. కోరిక కలిగినప్పుడు ఆ వాయువు పుట్టి, జీఎంపీ అనే రసాయనాన్ని పెంచి, రక్తనాళాలను వదులు చేస్తుంది. జీఎంపీని విరిచేసే ఎంజైమును ఈ బిళ్ల ఆపుతుంది. అంతే. కోరికను పుట్టించడం దీని పని కాదు.

ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్ల కూడా అదే జీఎంపీని పెంచుతుంది. ఒకటి పెంచుతూ పోతుంటే రెండోది తగ్గనివ్వదు. బందరు కాలవలో నీళ్లు అంతే ఉండి గట్లు ఒక్కసారిగా ఎడమైతే మట్టం పడిపోదూ? బీపీ అలాగే పడిపోతుంది, ప్రాణం మీదకు రావచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే కోవ మందు టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. నైట్రేట్ రోజూ వాడేవారికి ఈ మందులు అసలే వద్దు. ఈ మందు వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే, ఆసుపత్రిలో మొదట చెప్పాల్సిన మాట అది వేసుకున్నానని, పక్కన బావమరిది ఉన్నా సరే. ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మందులతో ఇది కలిసినా బీపీ పడుతుంది.

బిర్యానీ దట్టించి సిల్డెనాఫిల్ వేసుకుంటే, ఆ కొవ్వుకి మందు ఒంటబట్టడం ఆలస్యమవుతుంది. పనిచేయలేదని ఇంకోటి మింగేది అప్పుడే. రోజుకు ఒకసారే, అదీ డాక్టరు రాసిన మోతాదే. తలనొప్పి, ముఖం ఎర్రబడటం మామూలే. స్తంభన 4 గంటలు దాటినా, చూపు హఠాత్తుగా తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అంగంలోని ధమనులు గుండె ధమనులకన్నా సన్నం. అందుకే పూడిక అక్కడ ముందు తెలిసిపోతుంది. డాక్టరు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసేది ఇందుకే.

ఇదంతా ఎందుకని మూలికల పొట్లం కొనేవాళ్లూ ఉన్నారు. అలాంటి కొన్ని పొట్లాల్లో పరీక్షిస్తే దొరికింది సిల్డెనాఫిలే, ఎంత కలిపారో పైన రాయకుండా.