మూర్ఛ ఆగేది తాళంచెవులతో కాదు

బస్టాండులోనో పెళ్లి పందిరిలోనో ఎవరైనా ఉన్నట్టుండి కొయ్యబారి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఉంటే, చుట్టూ మూగిన జనంలోంచి ముందుగా వినిపించేది "ఇనుము పెట్టండి" అన్న కేక. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి గుప్పిట్లో కుక్కుతారు, ఇంకొకరు ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెడతారు, అదీ దొరకకపోతే చెప్పు వాసన చూపిస్తారు. కాసేపటికి ఫిట్స్ ఆగుతాయి, ఆ ఖ్యాతి ఇనుముకు దక్కుతుంది. నిజానికి చాలా మూర్ఛలు ఏ సాయమూ లేకుండానే ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ వ్యవధి దాదాపు పూర్తయి ఉంటుంది.

మెదడులోని నాడీకణాలు మామూలుగా వేటి పనిని బట్టి అవి వేర్వేరు వేళల్లో విద్యుత్ సంకేతాలు పంపుకుంటాయి. అసంఖ్యాకమైన కణాలు అదుపు తప్పి ఒకేసారి, ఒకే లయలో సంకేతాలు వెలువరించినప్పుడు మూర్ఛ వస్తుంది. అది మెదడు రెండు సగాలకూ పాకితే స్పృహ తప్పి ఒళ్లంతా బిగుసుకుంటుంది. ఛాతీ కండరాలు బిగియడంతో ఊపిరితిత్తుల్లోని గాలి స్వరపేటిక గుండా ఒక్కసారిగా తోసుకువస్తుంది కనుకనే కొందరు ఆ క్షణంలో వింతగా అరుస్తారు. శ్వాస సరిగా ఆడక పెదవులు కాసేపు నీలిరంగుకు తిరగవచ్చు. చూసేవారికి భయం కలగడం సహజమే, కానీ ఈ అలజడిని చివరికి అణచేది కూడా మెదడే.

కాబట్టి పక్కనున్నవారి పని మూర్ఛను ఆపడం కాదు, అది ఆగేలోగా దెబ్బ తగలకుండా, ఊపిరికి అడ్డు రాకుండా చూడడం. దగ్గరలో ఉన్న బల్లలు, రాళ్లు, వేడి వస్తువులు తప్పించి, తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, మెడ దగ్గర గుండీ వదులు చేసి, వీలైనంత త్వరగా మనిషిని ఒక పక్కకు తిప్పాలి. లాలాజలం, వాంతి బయటికి కారిపోవడానికీ, నాలుక గొంతుకు అడ్డం పడకుండా ఉండడానికీ ఇదే ఉపాయం. కొట్టుకుంటున్న చేతులను బలంగా అదిమి పట్టుకుంటే మూర్ఛ తగ్గదు సరికదా, కీళ్లు జారే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే హాని చేసేది నోట్లో చెంచా పెట్టడం. నాలుక మింగేస్తారన్న భయంతో చేసే పని ఇది. నాలుక నోటి అడుగుభాగానికి అతుక్కుని ఉంటుంది కనుక దాన్ని మింగడం అసాధ్యం. నాలుక కొరుక్కోవడం సాధారణంగా మూర్ఛ మొదట్లోనే జరిగిపోతుంది, ఆ గాయం చాలావరకు దానంతటదే మానుతుంది. బిగిసిన దవడల మధ్య లోహం దూర్చితే పళ్లు విరిగి, ఆ ముక్కలు శ్వాసనాళంలోకి జారవచ్చు. వేలు పెట్టినవారి వేలికీ క్షేమం లేదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా మంచినీళ్లు గానీ మాత్రలు గానీ నోట్లో వేయకూడదు.

అందరూ మరిచిపోయే అసలు పరికరం గడియారం. మూర్ఛ 5 నిమిషాలు దాటితే దానంతటది ఆగే అవకాశం తగ్గిపోతుంది, 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు. అందుకే 5 నిమిషాలకు 108కి ఫోన్ చేయాలి. తెలివి రాకుండానే మళ్లీ మూర్ఛ వచ్చినా, ఆగాక శ్వాస సరిగా లేకపోయినా, అదే మొదటిసారి అయినా, మనిషి గర్భిణి అయినా, మధుమేహ రోగి అయినా, తలకు దెబ్బ తగిలినా, నీళ్లలో ఉండగా వచ్చినా అంతసేపు కూడా ఆగకూడదు. మూర్ఛను ఆపే మందైన మిడజోలం ముక్కు స్ప్రేను డాక్టరు ముందే రాసిచ్చి, అది ఇంట్లో ఉంటే, వారు చెప్పిన ప్రకారం వాడాలి.

ఆగాక చాలామంది మగతగా, అయోమయంగా ఉంటారు, కొందరికి బట్టల్లోనే మూత్రం పోయి ఉంటుంది. ఒక దుప్పటి కప్పి, గుంపును పంపేసి, తేరుకునేదాకా ఒకరు పక్కన కూర్చుంటే చాలు. ఇంకొకరు ఖాళీగా ఉంటే మూర్ఛను ఫోన్‌లో వీడియో తీసి ఉంచడం మంచిదే, కానీ అది చూపించాల్సింది డాక్టరుకు మాత్రమే. మూర్ఛ లేని వేళ తీసిన ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) మామూలుగానే కనిపించవచ్చు. మొదట ఏ చెయ్యి బిగిసింది, తల ఎటు తిరిగింది అన్న వివరాలు ఆ వీడియోలోనే దొరుకుతాయి.