బెర్గెన్ బిస్కెట్ ఊరు గురించి పిల్లలకి

పిల్లలూ,

బెర్గెన్ నుంచి నేను పంపిన బిస్కెట్ ఊరు ఫోటోలు చూసి మీరు అడిగిన మొదటి ప్రశ్నే ముందు తీసుకుంటా, అవన్నీ నిజంగా తినేవేనా అమ్మమ్మా అన్నారు కదా. అవును నాన్నా, నిజమే. గోడలు, కప్పులు, పొగగొట్టాలు, రైలు, కార్లు, రేవులో నిలబడ్డ ఓడ కూడా, అన్నీ అల్లం, దాల్చినచెక్క, లవంగం పొడి వేసి కాల్చిన గట్టి బిస్కెట్టే. దీన్ని ఇంగ్లీషులో జింజర్‌బ్రెడ్ అంటారు కానీ బ్రెడ్‌లాగా మెత్తగా ఉండదు, పటపటా విరుగుతుంది.

మీ పిన్ని వాళ్ళుండే బెర్గెన్ నార్వేకి పడమటి వైపు ఓడరేవు. చుట్టూ కొండలు, ఎప్పుడు చూడు వాన, ఏడాదికి 2000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, అంటే మన కోస్తాలో పడేదానికి దాదాపు రెట్టింపు. డిసెంబర్లో అయితే పొద్దున తొమ్మిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం మూడున్నరకల్లా వెళ్ళిపోతాడు, పిల్లలు చీకట్లోనే స్కూలుకెళ్ళి చీకట్లోనే ఇంటికొస్తారు పాపం. ఆ చీకటి రోజుల్లో ఊరివాళ్ళంతా కలిసి లోపల లైట్లు వెలిగే ఒక చిన్న ఊరు కడతారు. 1991లో మొదలుపెట్టారు, అప్పట్నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ ఉంది, ఇక్కడివాళ్ళు పెప్పర్‌కాకెబీన్ అని పిలుస్తారు, అంటే మిరియాల బిస్కెట్ ఊరు అని, ఇలాంటి బిస్కెట్ ఊళ్ళలో ప్రపంచంలో ఇదే పెద్దదని వాళ్ళకి చాలా గర్వం. కొన్నేళ్ళు సెంట్రల్‌బాడెట్ అనే పాత ఈతకొలను బిల్డింగులో కూడా పెట్టారు.

ఇంతకీ కట్టేది ఎవరనుకున్నారు? పెద్ద పెద్ద బేకరీవాళ్ళు అనుకుంటారేమో, అదేం కాదు. అంగన్‌వాడీ వయసు పిల్లల దగ్గర్నుంచి స్కూలు పిల్లలు, ఇళ్ళల్లో అమ్మానాన్నలు, ఆఫీసులవాళ్ళు, ఎవరింట్లో వాళ్ళు ఒక్కో ఇల్లు కాల్చి తెచ్చి ఇస్తారు, అవన్నీ పక్కపక్కన పెట్టి మధ్యలో వీధులు వేసి, కొండలు లేపి, తెల్లటి మంచు పరిచి లైట్లు పెడతారు. మన సంక్రాంతి బొమ్మల కొలువుని ఇంటింటికీ విడిగా కాకుండా ఊరంతా కలిసి ఒకేచోట పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే, ఎవరో బాగా చెయ్యితిరిగినవాళ్ళు కిటికీ చువ్వలు కూడా వదలకుండా చేసిన పెద్ద భవనం పక్కనే, కప్పు ఒక పక్కకి జారిపోయి, తలుపు తలకిందులుగా అతికించి, జెమ్స్ బిళ్ళల్లాంటివి గుప్పెడు ఒకేచోట గుచ్చేసిన ఇల్లు ఉంటుంది, చూడగానే అది ఏ నాలుగేళ్ళ పిల్లదో చేసిందని తెలిసిపోతుంది. దాన్ని వెనక ఎక్కడో దాచరు, అదే వీధిలో అదే లైటు కింద పెడతారు.

అమెరికాలో నార్త్ కరోలినాలో యాష్‌విల్ అనే ఊళ్ళో కూడా 1992 నుంచి దాదాపు ఏటా ఇళ్ళు పెడతారు కానీ అది పోటీ, జడ్జీలు వస్తారు, ప్రైజులిస్తారు. అక్కడి పనితనం చూస్తే కళ్ళు తిరుగుతాయి, కాదనను. అయినా నన్నడిగితే బెర్గెనే గొప్పంటా, ఎందుకంటే ఇక్కడ ఫస్టూ లేదు సెకండూ లేదు, ఇల్లు తెస్తే చాలు ఊళ్ళో చోటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, మీకు బాధేస్తుంది కానీ తెలియాలి. 2009 నవంబర్లో ఇంకొన్నాళ్ళలో తలుపులు తీస్తారనగా రాత్రిపూట ఎవరో లోపలికి దూరి ఆ ఊరు మొత్తం తొక్కి పగలగొట్టేశారు. పిల్లలు చేసిన ఇళ్ళు కదా, పొద్దున్నే ఆ వార్త విని ఎంతమంది ఏడ్చుంటారో. అయితే ఊళ్ళోవాళ్ళు ఊరుకోలేదు, మళ్ళీ పిండి కలిపి మళ్ళీ కాల్చి మోసుకొచ్చి ఇచ్చారు, ఆ ఏడాది కూడా బిస్కెట్ ఊరు లేచింది. ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో, ఎప్పుడు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది.

అసలు ఇళ్ళే ఎందుకు కాలుస్తారని పెద్దోడు అడిగాడు. ఈ మసాలా బిస్కెట్ జర్మనీలో చాలా పాతది, న్యూరెంబర్గ్ ఊరు దీనికి పేరు మోసింది. 1812లో గ్రిమ్ అన్నదమ్ములు అచ్చేసిన కథల్లో అడవిలో తప్పిపోయిన అన్నాచెల్లెళ్ళకి రొట్టె గోడలు, కేకు కప్పు, చక్కెర కిటికీలు ఉన్న ఇల్లు కనిపిస్తుంది చూడండి, ఆ కథ తర్వాతే ఇలాంటి ఇళ్ళు బాగా వాడుకలోకి వచ్చాయంటారు. బెర్గెన్‌లో కూడా వందల ఏళ్ళు జర్మన్ వర్తకులు ఉండి ఎండుచేపల వ్యాపారం చేశారు, వాళ్ళ చెక్క ఇళ్ళ వరస బ్రిగ్గెన్ ఇప్పటికీ రేవు పక్కనే ఉంది, 1979లో యునెస్కో లిస్టులో కూడా ఎక్కింది. ఇక మసాలా సంగతి మీకు చెప్పక్కర్లేదు, మిరియం పుట్టిల్లు మన కేరళ వైపే, మన పాడేరు కాఫీ తోటల్లో కూడా సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, ఈసారి అరకు వెళ్తే నాన్నని బండి ఆపమని చూడండి.

ఇప్పుడు చేసే పద్ధతి, దీనికోసమే చిన్నది ప్రాణం తీస్తోంది. మైదా, వెన్న, పంచదార, సిరప్, మసాలా పొడులు కలిపి పిండి ముద్ద చేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి, పెట్టకపోతే ఓవెన్లో పరుచుకుపోయి గోడ కాస్తా అట్టు అయిపోతుంది. సిరప్ దొరక్కపోతే బెల్లం పాకం వాడండి. ఇల్లు కట్టడానికి చేసేటప్పుడు వంటసోడా బాగా తగ్గించాలి, పొంగితే అంచులు కలవవు. నాలుగైదు మిల్లీమీటర్ల మందాన వత్తి, అట్టముక్క పెట్టి కోసి, 175 డిగ్రీల్లో పది పన్నెండు నిమిషాలు కాల్చి, బయటికి తియ్యగానే వేడి మీదే అంచులు మళ్ళీ తిన్నగా కొయ్యాలి, చల్లారాక కోస్తే విరిగిపోతుంది. కిటికీ కన్నంలో పిప్పరమెంట్లలాంటి గట్టి రంగు మిఠాయి బిళ్ళల పొడి పోసి కాలిస్తే కరిగి అద్దంలా వస్తుంది. గోడలు అతికించడానికి ఇక్కడ చాలామంది పంచదార కరిగించి వాడతారు, క్షణంలో పట్టేస్తుంది కానీ చేతిమీద పడిందంటే బొబ్బలే, కాబట్టి ఆ పని అమ్మదే, మీరు ముట్టుకోకూడదు. గుడ్డు తెల్లసొనలో ఐసింగ్ షుగర్ గిలక్కొట్టి చేసే ముద్ద అయితే మీరూ పట్టుకోవచ్చు, కాకపోతే ఆరడానికి గంటలు పడుతుంది, అందాకా గోడలకి డబ్బాలు ఆనించి ఉంచండి.

మన కాకినాడ గాలిలో తేమ ఎక్కువ, బిస్కెట్ ఆ తేమ పీల్చి మెత్తబడి కప్పు కుంగుతుంది, అందుకని చిన్న ఇల్లే కట్టండి, కప్పు బాగా ఏటవాలుగా పెట్టండి. ఈ సెలవుల్లో ముందు అట్ట మీద గీసి, కోసి, టేపు వేసి నిలబెట్టి చూడండి, అది నిలబడితేనే పిండి కలపాలి. కొలతలు రాసి ఫోటో తీసి పంపితే మైదా ఎంత పడుతుందో లెక్కేసి చెప్తా.

మీ అమ్మమ్మ