అప్రెంటిస్‌ను తీసుకుంటే నష్టమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మెషిన్ షాపులో అప్రెంటిస్‌లకు పని నేర్పించడం నా ఉద్యోగం. 'ఒకరిద్దరిని తీసుకోండి' అని యజమానులను అడిగినప్పుడల్లా నాకు వినిపించే మాటలివి.

అపోహ: పని నేర్చుకుని వేరేచోటికి పోతాడు. పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

వాస్తవం: కొందరు పోతారు, నిజమే. కానీ ఖర్చు రాబట్టుకోవడానికి వాళ్లు పదేళ్లు ఉండక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో కంపెనీల లెక్కలు తీస్తే, సగటున శిక్షణ ముగిసేలోపే అప్రెంటిస్ చేసిన పని విలువ అతని మీద పెట్టిన ఖర్చును దాటుతోంది. జర్మనీలో మాత్రం సగటు కంపెనీకి ఆ కాలంలో కొంత చేతి చమురు వదులుతుంది. తర్వాత అతన్నే ఉద్యోగంలోకి తీసుకుంటే, బయటి మనిషిని వెతికి, మన పద్ధతికి అలవాటు చేసే ఖర్చు తప్పుతుంది. రెండు దేశాల మధ్య తేడాకు ముఖ్య కారణాలు రెండు: నిపుణుడి జీతంతో పోలిస్తే అప్రెంటిస్‌కు ఎంత ఇస్తున్నారు, అతని చేత అసలు పని ఎంత చేయిస్తున్నారు.

అపోహ: సీనియర్ల సమయం వృథా. నేర్పితే కుర్రాడికే లాభం.

వాస్తవం: మొదటి నెలల్లో ఉత్పత్తి తగ్గుతుంది, దాచను. కానీ ఒక సంగతి చెబుతాను. ఒక కుర్రాడు లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద నుంచి అప్పుడే దించిన యాభై మిల్లీమీటర్ల మందం షాఫ్ట్‌ను (గుండ్రటి కడ్డీని) మైక్రోమీటర్‌తో కొలిచి, "సైజు వచ్చింది సార్" అన్నాడు. జాబ్, అంటే ఆ చెక్కిన ముక్క, ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉంది. చల్లారి కుంచించుకున్నాక చూస్తే 0.02 మిల్లీమీటర్లు తక్కువ. స్క్రాప్! పక్కనున్న సీనియర్ ఆపరేటర్ నవ్వి, "చల్లారకుండా కొలిస్తే అంతే కదరా" అన్నాడు. ఇన్నేళ్లూ ఆయన పాటిస్తున్న ఆ జాగ్రత్త ఎక్కడా రాసి లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు. మర్నాడే దాన్ని వర్క్ షీట్‌లోకి ఎక్కించాం. ఆయన రిటైరయ్యాక తెలిసుంటే ఎన్ని జాబ్‌లు పోయేవో!

అపోహ: ప్రీ-అప్రెంటిస్‌షిప్ అంటే సమాజ సేవ. మనకేం ఒరుగుతుంది?

వాస్తవం: 2023లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 208వ సిఫార్సు దీన్ని కూడా నిర్వచించింది. అప్రెంటిస్‌గా చేరాలనుకునేవాళ్లను పని వాతావరణానికి, చేరడానికి కావాల్సిన అర్హతలకు ముందుగానే సిద్ధం చేసే శిక్షణ అది. యజమానికి మాత్రం అదొక జల్లెడ. ఆ కొన్ని వారాల్లో డ్రాయింగ్ చదవడం, కొలవడం, చిప్స్‌ను (చెక్కినప్పుడు రాలే పదునైన లోహపు తురుమును) చేత్తో ముట్టకుండా తీయడం నేర్పుతాం. షిఫ్టుకు టైమ్‌కి రాగలడా, ఆ మోతలో రోజంతా నిలబడగలడా అన్నది కూడా తేలుతుంది. 'ఇది నా వల్ల కాదు' అని రెండో వారంలో వెళ్లిపోయినవాడు ఇద్దరికీ మేలే చేశాడు. అదే మాట ఏడాది తర్వాత అనుంటే?

అపోహ: ఇదంతా పెద్ద ఫ్యాక్టరీలకే.

వాస్తవం: కాదు. రెండు మూడు చిన్న షాపులు కలిసి ఒకే అప్రెంటిస్‌కు ఒకచోట లేత్, ఇంకోచోట మిల్లింగ్ నేర్పించవచ్చు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, అంతే.

అపోహ: బాగా పనిచేసే ఆపరేటర్ దగ్గర పెడితే చాలు, వాడే నేర్చుకుంటాడు.

వాస్తవం: నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. పని వచ్చిన వాళ్లందరికీ నేర్పడం రాదు. వచ్చినా, ఆయన రోజువారీ టార్గెట్ తగ్గించకుండా అప్రెంటిస్‌ను అంటగడితే, కుర్రాడి చేతికి చీపురు ఇస్తాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను.