ఆలివ్ ఆకు కషాయం: చేదు పోకుండా కాచాలి

ఆలివ్ ఆకు నమిలితే మొదట తోలుముక్క నమిలినట్టు ఉంటుంది. ఆ వెంటనే చేదు మొదలై గొంతు దాకా పట్టేస్తుంది. ఆ చేదు ఒల్యూరోపిన్ అనే పదార్థానిది. మధ్యధరా తీరంలో తరతరాలుగా ఈ ఆకును మందుగా వాడుతున్నారంటే ముఖ్య కారణం ఇదే. ఇది నీటిలో కరుగుతుంది, అందుకే కాయ నుంచి తీసిన నూనెలోకి పెద్దగా చేరదు. ఆలివ్ నూనె గుణాలన్నీ ఆకుకు అంటగట్టడం, ఆకు గుణాలు నూనెలో వెతకడం రెండూ పొరపాటే.

మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ ఈ ఆకును నూరి పుళ్ల మీద పట్టు వేయమన్నాడు, నోటిపూతకు నమలమన్నాడు. జ్వరానికి కషాయం వాడుక తర్వాతి కాలంలో బాగా ప్రచారమైంది. లండన్ ఔషధ నిపుణుడు డేనియల్ హాన్‌బరీ 1854లో దాని పద్ధతి అచ్చువేశాడు: గుప్పెడు ఆకులు ఒక క్వార్ట్ నీళ్లలో, అంటే సుమారు 1.1 లీటర్లలో వేసి సగానికి మరిగించాలి; జ్వరం తగ్గేదాకా మూడు నాలుగు గంటలకోసారి చిన్న వైన్ గ్లాసుడు తాగించాలి. మనకిది కొత్తగా అనిపించదు. పారిజాతం ఆకు కషాయం మన ఇళ్లలోనూ జ్వరానికి కాస్తారు కదా. ఆలివ్, పారిజాతం, మల్లె, జాజి అన్నీ ఒకే కుటుంబం చెట్లు. అయితే ఆనాడు ఈ కషాయం పట్టించిన జ్వరాల్లో మలేరియా కూడా ఉంది. ఈనాడు మలేరియా అనుమానం వస్తే రక్తపరీక్ష చేయించి సరైన మందు వేసుకోవాల్సిందే, కషాయం పెట్టుకుని కూర్చోకూడదు.

ఇక అసలు పని ఆకు ఎండబెట్టడం దగ్గర మొదలవుతుంది, చెడిపోయేది కూడా అక్కడే. ఒల్యూరోపిన్ చెట్టుకు ఆయుధం. ఆకు కణాల్లో అదొక అరలో, దాన్ని విడగొట్టే ఎంజైము మరో అరలో ఉంటాయి. పురుగు కొరికితే రెండూ కలుస్తాయి. పుట్టిన పదార్థం పురుగు తిన్న మాంసకృత్తులను గట్టిపరిచి అరగకుండా చేస్తుంది. మనం పచ్చి ఆకును నలిపినా, తరిగి వదిలేసినా ఇదే జరుగుతుంది. ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది, చేదు తగ్గుతుంది, మందూ పోతుంది. ఫ్రీజర్‌లో పెట్టినా మంచు కణాలను చీల్చేస్తుంది కాబట్టి అదే నష్టం.

కాబట్టి ఆకులు చిదమకుండా కోయాలి. పండి రాలినవి వద్దు, ఆకు ముదిరేకొద్దీ ఒల్యూరోపిన్ తగ్గుతుంది. ఆలివ్ తోటల్లో ఆకుమచ్చ తెగులుకు రాగి మందు కొడతారు, కనుక పిచికారీ చేయని చెట్టు చూసుకోవాలి. కడిగి, తుడిచి, గాలి ఆడే నీడలో గుడ్డ మీద ఒకే వరుసగా పరవాలి. గోరువెచ్చని ఓవెన్‌లో గంటల తరబడి ఉంచితే ఎంజైముకు అనువైన వేడి దొరికి నష్టమే ఎక్కువ. వంచితే టక్కున విరిగినప్పుడు ఎండినట్టు. తూకం దాదాపు సగానికి పడిపోతుంది.

కషాయానికి 150 మిల్లీలీటర్ల నీళ్లకు 5 గ్రాముల ఎండాకు, లేదా 10 గ్రాముల పచ్చాకు. చెంచా కొలత నమ్మకండి, ఆకు తేలిక కాబట్టి తూచాల్సిందే. నీళ్లు తెర్లుతున్నప్పుడే ఆకు వేయాలి. ఆ వేడికి ఎంజైము వెంటనే చస్తుంది; చన్నీళ్లలో నానబెట్టి తర్వాత కాచితే దానికి పని చేసుకునే సమయం ఇచ్చినట్టే. మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు ఉంచి వడగట్టాలి. పొద్దున, సాయంత్రం తిన్నాక తాగాలి. పరగడుపున కొందరికి కడుపులో మంట పుడుతుంది. ఏ రోజుది ఆ రోజే కాచుకోవడం మంచిది. చేదు తగలలేదంటే సులువుగా దిగిందని సంతోషించకండి, ఆకు చెడిందన్నమాట.

ఇది దేనికి పనిచేస్తుంది? రక్తపోటు విషయంలో ఆధారం కాస్త గట్టిగా ఉంది. 2011లో వెలువడిన ఇండోనేషియా పరిశోధనలో తొలిదశ రక్తపోటు ఉన్నవారికి ఆకు సారం 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఎనిమిది వారాలు ఇస్తే, పై అంకె సగటున 11.5 తగ్గింది. పోల్చి చూసిన క్యాప్టోప్రిల్ అనే బీపీ మాత్రతో 13.7 తగ్గింది. కానీ అది కొలత కట్టిన సారం, ఇంట్లో కాచిన కషాయం కాదు. యూరప్‌లో మందులను పరిశీలించే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ మటుకు ఈ ఆకుకు సంప్రదాయ వాడుకగా ఒక్కదాన్నే ఒప్పుకుంది: పెద్దవాళ్లలో స్వల్పంగా ఒంటికి నీరు పట్టినప్పుడు మూత్రం సాఫీగా పోవడానికి, అదీ పెద్ద జబ్బేదీ లేదని డాక్టర్ తేల్చాక. నీళ్లు తక్కువ తాగమని చెప్పిన గుండె, కిడ్నీ రోగులకు ఇది పనికిరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు దీన్ని కలిపితే రెండూ మరీ పడిపోవచ్చు. తాగాక తల తిరిగితే “విషాలు బయటికి పోతున్నాయి” అని అమ్మేవాళ్లు చెప్పే మాట దయచేసి నమ్మకండి. కషాయం ఆపి ముందు బీపీ చూపించుకోండి.

మన దేశంలో ఆలివ్ తోటలు రాజస్థాన్‌లో ఉన్నాయి. దక్షిణాదిన సిలోన్ ఆలివ్ అనేది రుద్రాక్ష జాతి చెట్టు, దానికీ దీనికీ సంబంధం లేదు. అంతకంటే భయపడాల్సింది గన్నేరుతో. ఆకారం దగ్గరగా ఉంటుంది, దాని విషం గుండెను ఆపుతుంది, ఎండబెట్టినా మరిగించినా పోదు. గన్నేరు ఆకులు కణుపుకు సాధారణంగా మూడు. జానెడు దాకా పెరుగుతాయి, నడిమి ఈనె నుంచి సన్నటి ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా పక్కలకు పోతాయి. ఆలివ్‌కు కణుపుకు రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, వేలంత పొడవు. తిరగేస్తే అడుగు వెండిరంగు. భూతద్దంలో చూస్తే ఆ వెండి అంతా గుండ్రటి చిన్న చిన్న పొలుసులు. పొడి చేసిన ఆకులో ఈ గుర్తులేవీ కనబడవు కాబట్టి, ఎవరి దగ్గర కొన్నా నిండు ఆకే కొనండి.